పిల్లలకు తరుగు

పోయిన వారం విశాలాక్షి టైలరు దుకాణం ముందు నిలబడి ఉంది. చేతిలో మనవరాలు లోహిత లంగా. దసరాకు కుట్టించింది, ఇప్పుడు హుక్కు అందడం లేదు. టైలరు దాన్ని మడిచి ఇచ్చేస్తూ, "ఇంక విప్పడానికి లోపల గుడ్డ లేదు పెద్దమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఆ మాట చెవిలో ఉండగానే తమ్ముడు ఫణికృష్ణ ఫోను చేశాడు. "అక్కా, ఆదివారం తూకంలో మన లోహితదే మొదటి బహుమతి. బాగా తగ్గింది పిల్ల. నువ్వు మంచి చీర కట్టుకొని రా."

తూకం ఆదివారం. ఫోను వచ్చింది శుక్రవారం.

కంభం బజారులో పెళ్లైననాటి నుంచి గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి విశాలాక్షి. బస్తా కాటా ఎక్కకముందే దాని బరువు ఎవరైనా చెప్పారంటే, ఆ కాటా ఎవరిదో చూసుకోవాలని ఆమెకు ఒకరు నేర్పనక్కర్లేదు.

ఆదివారం ఆమె మంచి చీర కట్టుకోలేదు. అంగట్లో కట్టుకునే నేత చీరతోనే, లోహిత చెయ్యి పట్టుకుని వర్తక సంఘం కల్యాణ మండపానికి వెళ్లింది. దారిలో పిల్ల రెండుచోట్ల ఆగి నీళ్లు తాగింది. ఎండ అనుకుంది విశాలాక్షి. అప్పుడు అంతే అనుకుంది.

మండపం గుమ్మంలోనే వాసన కొట్టింది. పెళ్లిళ్లకు సాంబారు వాసన వచ్చే చోటు అది. ఇవాళ ప్యాకెట్ల మసాలా వాసన. అట్టపెట్టెలు గోడ వెంట పేర్చి ఉన్నాయి. జొన్న పిండితో చేసిన పఫ్‌లంట, ఆరోగ్యమంట. వేలికి అంటితే సబ్బుతో రుద్దినా పోని నారింజరంగు పొడి. బరువు తగ్గిన పిల్లలకు బహుమతి అదే. పాచిపోయిన పప్పు మీద తాలింపు వేసి వడ్డించే వంటవాణ్ణి చూసినట్టు అనిపించింది విశాలాక్షికి.

వేదిక మీద పెద్ద బ్యానరు. 'ఊబకాయం లేని బాల్యం: ఊరు, పరిశోధన చేయి చేయి.' కింద ఫణికృష్ణ ఫొటో, పిల్లల ఫొటోల కంటే పెద్దది.

ఆరు నెలల కిందట ఈ పని మొదలైనప్పుడు మాత్రం ఎవరి ఫొటోలూ లేవు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ నుంచి రజిని అనే పిల్ల వచ్చింది. సొంత ఊరు దూరం కాదు, బేస్తవారిపేట దగ్గర రైతుబిడ్డే. బళ్లలో పిల్లల్ని చూసి, వయసుకు మించిన బరువు ఉన్నవాళ్లు ఎక్కువైపోతున్నారని, ఊరు పూనుకోకపోతే తాను రాసే కాగితాలు ఎవరికీ పనికిరావని చెప్పింది. అందరూ తలా ఒక పని నెత్తికెత్తుకున్నారు. బడి ఆటల పీరియడు ఇవ్వాలి. తల్లులు వంటింట్లో నూనె, చక్కెర తగ్గించాలి. వాళ్ల తరఫున మాట్లాడటానికి విశాలాక్షిని పెట్టారు. ఆరు నెలలకు మళ్లీ తూకం వేసి, తగ్గని పిల్లలందరికీ అక్కడికక్కడే వేలికి సూది గుచ్చి రక్తంలో చక్కెర చూడాలి. అది రజిని పని.

తూకం ఎవరు వెయ్యాలన్న దగ్గరికి వచ్చేసరికి వర్తక సంఘం కార్యదర్శి ఫణికృష్ణ నవ్వాడు. "తూకం మాకు వదిలెయ్యండి మేడమ్. మేం పుట్టిందే కాటా పక్కన."

రజిని నమ్మింది. ఊరితో పొత్తు పెట్టుకున్నాక ఊరిని నమ్మకపోతే ఎలా అనుకుంది పాపం.

ఇప్పుడు మండపం మధ్యలో ఫణికృష్ణ గోడౌను నుంచి తెచ్చిన కాటా ఉంది. మిరపకాయల బస్తాలు తూచే కాటా. తుడిచారు గానీ రేకు సందుల్లో ఎర్రటి దుమ్ము అలాగే ఉంది. వరసలో నిలబడ్డ పిల్లలు తుమ్ముతున్నారు. అంకెలు కనిపించే అద్దం తూచేవాడి వైపుకే తిరిగి ఉంది, గోడౌనులో ఉన్నట్టే. తూచేవాడు మాలకొండయ్య, ఫణికృష్ణ దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్న మనిషి. ఐదు కిలోల ఇనప రాయి ఒకటి కాటా మీద పెట్టి అందరికీ చూపించాడు.

"చూడు మేడమ్. ఐదు పెడితే ఐదే చూపిస్తది. గ్రాము తేడా ఉండదు. గవుర్మెంటు ముద్ర ఉంది."

రజిని దూరంగా బల్ల దగ్గర, కంప్యూటరు ముందు కూర్చుని తల ఊపింది. మాలకొండయ్య రాయి దించి పక్కన పెట్టాడు. ఫణికృష్ణ మైకు పట్టుకున్నాడు.

"మొదట మా ఇంటి బిడ్డ, లోహిత!"

చప్పట్లు. లోహిత చెప్పులు విడిచి, నీళ్ల సీసా చంకలో పెట్టుకోబోయి, నాయనమ్మ చేతికిచ్చి కాటా ఎక్కింది. పదేళ్ల పిల్ల. అందరూ చూస్తున్నారని పొట్ట లోపలికి పీల్చుకుంది. పీల్చుకుంటే కాటా తగ్గదని కూడా తెలియని వయసు. వెనక వరసలో ఎవరో పిల్లవాడు "లడ్డూ" అన్నాడు. పక్కన కూర్చున్న తల్లి వాణ్ణి కొట్టకుండా నవ్వింది.

"లాభం!" అని అరిచాడు మాలకొండయ్య. బజారులో మొదటి బస్తాను ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటు కొద్దీ వచ్చిందా మాట. తర్వాత గొంతు తగ్గించి, పెదాలు మాత్రమే కదిలించి, ఇంకేదో గొణిగాడు. ఆపైన గట్టిగా, "యాభై ఒకటి!"

"యాభై ఒకటి! పోయినసారి యాభై ఐదు మేడమ్, రాసుకోండి!" మైకులో ఫణికృష్ణ.

చప్పట్లు మళ్లీ మోగాయి. విశాలాక్షి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ గొణుగుడు ఆమె చెవిన పడింది. ఆ మండపంలో ఉన్న వాళ్లలో సగం మంది వ్యాపారులే, వాళ్ల చెవినా పడే ఉంటుంది. కానీ రోజూ వినే మాట కనక వాళ్లకు అది మాటలా వినిపించలేదు.

తరుగు.

రైతు బస్తా కాటా ఎక్కినప్పుడు సంచి బరువుకు కొంత, మన్నుకు కొంత, తడికి కొంత తగ్గించి చెబుతారు. అది తరుగు. అదే బస్తా మిల్లుకు పోయేటప్పుడు నిండు తూకం. ఎవరూ దాన్ని దొంగతనం అనరు. తాతలనాటి పద్ధతి అంటారు.

విశాలాక్షి లేచి కాటా దగ్గరికి నడిచింది.

"మాలకొండయ్యా, అద్దంలో ఎంత పడింది?"

"ఏంది పెద్దమ్మా?"

"కాటా ఎంత చూపించింది అంటున్నా."

మాలకొండయ్య దాచుకోలేదు. దాచుకోవాల్సిన సంగతని అతనికి తెలియదు. "యాభై ఆరు."

"నువ్వు చెప్పింది?"

"యాభై ఒకటి."

"తక్కిన ఐదు ఏడికి పోయినాయి?"

"తరుగు గదమ్మా." ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "బట్టలకు ఒకటి, బూట్లకు ఒకటి, పొద్దున తిన్న టిఫినుకు రెండు, చెమట తడికి ఒకటి. అయ్య చెప్పినాడు."

విశాలాక్షి పిల్ల పాదాల వైపు చూసింది. ఉత్త కాళ్లు. రేకు మీద మిరప దుమ్ము అంటి ఎర్రగా ఉన్నాయి.

"బూట్లు ఏవిరా?"

"బూట్లు లేకున్నా రేటు ఒకటేనమ్మా. మనం సంచి ఇప్పి తూచినా సంచి తరుగు తియ్యమా ఏంది?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇంకొకాయన, సంఘంలో పెద్ద, "నిజమే గదమ్మా" అన్నాడు కూడా.

"మరి పోయినసారి?"

"పోయినసారి నిండు. బూట్లు, బెల్టు, భుజాన పుస్తకాల సంచి, అన్నిటితో." మాలకొండయ్య గొంతులో తప్పు చేసినవాడి వణుకు లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడి ధైర్యమే ఉంది.

విశాలాక్షికి మొదట కోపం రాలేదు. అసహ్యం వేసింది. నెయ్యి డబ్బా మూత తీస్తే లోపల చచ్చిన బల్లి కనిపిస్తే ఒళ్లు ఎలా జలదరిస్తుందో అలాంటిది. పిల్లల్ని బస్తాల కింద లెక్క కట్టారు. అదీ కొనేటప్పుడొకటి, అమ్మేటప్పుడొకటి.

మైకు బల్ల మీద పెట్టి ఫణికృష్ణ దిగి వచ్చాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ చెయ్యి అక్క మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"అక్కా, ఏందిది సభలో? ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో కాటా లేదు ఫణీ. ఉన్న చోటే మాట్లాడు."

"ఎవురన్నా ఇంటే ఏమనుకుంటారు?"

"నిజం ఇంటారు. అంతే గదా."

బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. రజిని లేచి వచ్చింది. "ఏమంటున్నారమ్మా? తరుగా?"

ఫణికృష్ణ వెంటనే ఆమె వైపు తిరిగాడు. "అది మా బజారు భాష మేడమ్, మీకు..."

"నాకు తెలుసు." రజిని ఇంతవరకు సభల్లో మాట్లాడే తెలుగు మాట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ తెలుగు జారిపోయింది. "మా నాయన ఏటా ఈ ఊరికే శనగలు తెచ్చినాడు సార్. బస్తాకు తరుగు తీసినారు. ఎందుకు నాయనా అంటే, పద్ధతి బిడ్డా అనేవాడు. నేను చదువుకుంది ఆ తరుగు పోంగా మిగిలిన శనగలతో. మా బస్తాలకు తీసినారు, సరే. పిల్లలకు కూడానా?"

ఫణికృష్ణ మామూలు మనిషి కాదు. ఎదుటివాడు బేరం చెడగొడితే అరవడు, లెక్క విప్పి చూపిస్తాడు. అదే చేశాడు.

"సరే. నేను చేసింది తప్పే అనుకుందాం. నష్టం ఎవురికో చెప్పండి. బడికి పేరొచ్చె. సంఘానికి శాలువాలొచ్చె. మేడమ్, మీ పరిశోధన గెలిచినట్టాయె, రేపు మీ పెద్దలు మిమ్మల్ని మెచ్చుకుంటారు. ఈ పఫ్‌ల కంపెనీ వాళ్లు గిద్దలూరు, మార్కాపురం ఏజెన్సీ కూడా మనకే ఇస్తామనె. పిల్లలకు బహుమతి, తల్లులకు సంతోషం. అక్కా, నువ్వు లెక్క తెలిసిన దానివి. ఇందులో నష్టపోయినోడు ఒక్కడుంటే చూపించు."

విశాలాక్షి నిజంగానే ఆలోచించింది. ఆమె చేసిన వ్యాపారంలో ఒక సంగతి ఎప్పుడూ తప్పలేదు. బేరంలో కూర్చున్న వాళ్లందరికీ లాభం వచ్చిందంటే, ఆ బేరంలో లేనివాడెవడో కడుతున్నాడని అర్థం. రైతులు ఊరికి పోయాక రాత్రి బజారులో వ్యాపారులు నవ్వుకునే నవ్వు ఆమెకు తెలుసు.

"ఆ ప్యాకెట్లు నీ అంగట్లో దండలు కట్టి వేలాడదీసేది ఎవురు?" ఫణికృష్ణ గొంతు తగ్గించి, ఆమెకొక్కదానికే వినబడేలా అన్నాడు. "బడి వదిలినాక పిల్లలు మూగేది నీ దగ్గర కాదా? నాకు నీతులు చెప్పబాక."

"అమ్మినా." విశాలాక్షి గొంతు తగ్గించలేదు. "రేపట్నుంచి అమ్మను. అది నా అంగడి సంగతి, నేను చూసుకుంటా. నువ్వు ముందు నా మనవరాలి బరువు సరిగ్గా చెప్పు."

"యాభై ఆరు" అన్నాడు మాలకొండయ్య, ఎవరూ అడగకుండానే.

అప్పుడు చూసింది విశాలాక్షి. ఇంత గొడవలో ఎవరూ పిల్లను కాటా మీద నుంచి దిగమని చెప్పలేదు. లోహిత తనే దిగి, మళ్లీ వచ్చి కాటా అంచు మీద చతికిలబడి ఉంది. నాయనమ్మ కుర్చీ పక్కన వదిలేసిన సీసా ఎప్పుడు తెచ్చుకుందో, అది అప్పటికే ఖాళీ. మూత లోపల మిగిలిన చుక్కను నాలుకతో అందుకుంటోంది.

రజిని కూడా అదే చూస్తోంది. నెమ్మదిగా వెళ్లి పిల్ల పక్కన గొంతుక్కూర్చుంది. జడ పక్కకు తీసి మెడ చూసింది. మెడ వెనక చర్మం మడతలు పడి నల్లగా, మందంగా ఉంది. అది మురికని విశాలాక్షి రోజూ సున్నిపిండితో రుద్దేది. పిల్ల మంటంటే, "నల్లగా ఉంటే ఎట్లనే" అని ఇంకా గట్టిగా రుద్దేది.

"అమ్మా, పాప నీళ్లు ఎక్కువ తాగుతోందా?"

"ఈ మధ్య తాగుతోంది. ఎండలు గదా."

"రాత్రి లేస్తోందా? ఒంటికి పోవడానికి?"

వారం నుంచి పెరట్లో, రాత్రుళ్లు పిల్ల ఒంటికి పోయే స్నానాలగది తూము దగ్గర చీమలు బారులు కడుతున్నాయి. పనిమనిషి బెల్లం నీళ్లు ఒలికించిందని విశాలాక్షి తిట్టింది. పనిమనిషి ఒట్టు పెట్టుకుంటే అబద్ధమంది. చీమల మందు తెచ్చి తానే చల్లింది. మర్నాడు మళ్లీ వచ్చాయి, అదే చోటికి. బెల్లం బస్తా విప్పిన చోట చేరినట్టు.

"చీమలు పడుతున్నాయి" అంది. ఆ మాట ఆమె నోటికే చేదుగా తగిలింది.

రజిని వేదిక వైపు నడిచింది. అక్కడ సన్మానం శాలువాలు ఒక తెల్ల పెట్టె మీద దొంతరగా పెట్టి ఉన్నాయి. శాలువాలన్నీ తీసి కుర్చీలో పడేసింది. పెట్టె మీద అతికించిన టేపు అతికించినట్టే ఉంది. తగ్గని పిల్లలకు సూది పరీక్ష చెయ్యడానికి సంస్థ పంపిన పెట్టె అది. ఒక్క పిల్లకూ అవసరం రాదు, సీలు తియ్యకుండానే వెనక్కి పంపుతాం అని ఫణికృష్ణ పొద్దున మైకులో గొప్పగా చెప్పింది ఆ పెట్టె గురించే.

నష్టపోయిన వాళ్లు ఎవరో ఇప్పుడు కనబడింది. తరుగు తీసిన ఐదు కిలోలు పిల్ల ఒంట్లోంచి పోలేదు. ఆ పెట్టెను మాత్రం మూసేశాయి.

రజిని టేపు చించింది. లోహిత వేళ్లకు నారింజరంగు పొడి ఉంది. బహుమతి ముందే ఇచ్చేసినట్టున్నారు. సబ్బు తెప్పించి, చెయ్యి రెండుసార్లు కడిగి, తుడిచి, వేలికి సూది తాకించింది. రక్తపు బొట్టు అరచేతిలో పట్టేంత చిన్న మిషను పట్టీ మీద పడింది. మిషను కొద్దిసేపు ఆలోచించింది. విశాలాక్షి మెడ చాచి చూసింది. ఆమెకు అంకెలంటే భయం లేదు. ఎంత పెద్ద అంకె అయినా చూడగలదు.

అంకె రాలేదు. ఇంగ్లీషులో రెండు అక్షరాలు వచ్చాయి.

రజిని ఇంకో పట్టీ తీసింది, ఇంకో వేలు. మళ్లీ అవే రెండక్షరాలు.

"చెడిపోయిందా?" అంది విశాలాక్షి. చెడిపోయిందని ఎవరైనా అంటే బాగుండుననే ఆశ ఆమెకు ఆ క్షణంలో ఉంది.

"లేదమ్మా. ఈ మిషను కొంతవరకే కొలుస్తది. పాప రక్తంలో చక్కెర ఆ హద్దు దాటిపోయింది. హై అని మాత్రమే చూపిస్తోంది."

"ఎంత దాటింది?"

"అది ఇది చెప్పలేదు." రజిని గొంతులో తొందర మొదలైంది. "పాప వాంతులు చేసుకుందా? మత్తుగా ఉంటోందా? సరే, అవన్నీ దారిలో. ఆటో వద్దు, కారు కావాల. మార్కాపురం, ఇప్పుడే. నేను వస్తా. ఆసుపత్రికి ఫోను చేస్తా."

మండపం ముందు ఒక్కటే కారు ఉంది. పూలదండ వేసి, వచ్చే ముఖ్య అతిథి కోసం నిలబెట్టిన ఫణికృష్ణ కారు.

"ఫణీ, తాళం" అంది విశాలాక్షి.

ఫణికృష్ణ జేబులో చెయ్యి పెట్టాడు. తాళం తీశాడు. ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని, రజిని వైపు, తర్వాత కంప్యూటరు వైపు చూశాడు. మొహం తెల్లబోయింది, నిజమే. పిల్ల మీద ప్రేమ లేనివాడు కాదు. కానీ చెయ్యి, బతికినన్నాళ్లూ చేసిన పనే చేసింది. ఎదుటివాడికి అవసరం పడ్డప్పుడు బిగుసుకుంది.

"పోదాం అక్కా, నేనే తోల్తా. పాప నాకు మాత్రం పరాయిదా? ఒక్క నిమిషం. మేడమ్ ఆ యాభై ఒకటి ఎక్కించి బటన్ నొక్కితే..." కంప్యూటరు వైపు వేలు చూపించాడు. "తక్కిన పిల్లల తూకం రేపన్నా వేసుకుందాం. ఇది ఒక్కటి నొక్కి పోదాం. కంపెనీ వాళ్లు దారిలో ఉన్నారు."

రజిని కంప్యూటరు వైపు తిరగనైనా లేదు, ఆసుపత్రి నంబరు నొక్కుతోంది. లోహిత నాయనమ్మ కొంగు పట్టుకుని, "నీళ్లు" అంది. తర్వాత కొంగు వదిలేసింది. వదల్లేదు నిజానికి, వేళ్లే జారిపోయాయి. తల వాల్చి, కాళ్లు ముడుచుకుని కాటా రేకు మీద ఒరిగింది. అద్దంలో అంకెలు గబగబా మారి, యాభై ఆరు దగ్గర ఆగాయి.

ఆ కాటాకు అబద్ధం తెలియదు.

గల్లాపెట్టె ముందు కూర్చున్నప్పటి నుంచి విశాలాక్షి బేరమాడని రోజు లేదు. ఇవాళ ఆడలేదు. వంగి, కాటా పక్కనున్న ఇనప రాయి ఎత్తింది. ఐదు కిలోలు. తరుగు సరిగ్గా అంతే. రెండు చేతులతో పట్టుకుని, తమ్ముడి దగ్గరికి వెళ్లి, తాళం బిగించిన ఆ గుప్పిటకు ఎదురుగా నిలబడింది.

"చెయ్యి తెరువు ఫణీ" అంది.